కజువో ఓనో నాట్యంలో కబుకి ఎక్కడుంది?

1977 నవంబరు 1, టోక్యో. దాయిచి సెయిమెయ్ హాల్లో వేదిక ఖాళీగా ఉంది. అందరి చూపూ వేదిక మీదే ఉండగా, ప్రేక్షకుల కుర్చీల మధ్యలోంచి ఒక ముసలామె లేచి నిలబడింది. తల మీద పూలు కుట్టిన టోపీ. ఎప్పుడో ఎవరో కట్టి వదిలేసినట్టున్న పాతకాలపు గౌను. ముఖమంతా దట్టంగా తెల్లరంగు, కళ్ల చుట్టూ ముదురు రంగు, పెదాలకు ఎరుపు. అడుగు తీసి అడుగు వేయడానికి చాలాసేపు పట్టింది. అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ వేదిక చేరింది.

ఆమె ఆడమనిషి కాదు. కజువో ఓనో. వయసు అప్పటికి 71. యోకొహామాలో క్రైస్తవ ఆడపిల్లల బడిలో ఏళ్ల తరబడి వ్యాయామం నేర్పిన మాస్టారు. ఆ రాత్రి ఆయన ఆడిన ఏకపాత్ర నాట్యం పేరు తెలుగులో చెప్పుకోవాలంటే ‘లా అర్హెంతీనాకు నీరాజనం’.

ఈ నాట్యం గురించి ఎక్కడ చదివినా ఒక వాక్యం అటూ ఇటూగా కనిపిస్తుంది: జపాన్ బుతో, కబుకి సంప్రదాయం, పాశ్చాత్య నృత్యం మేళవించిన సోలో అని. (కబుకి అంటే మగవాళ్లే ఆడవేషాలూ కట్టే జపాన్ పాత నాటక సంప్రదాయం. బుతో 1950ల చివర అక్కడే పుట్టిన కొత్త నృత్యం.) వినడానికి బాగానే ఉంటుంది. నేనూ మొదట అలాగే అనుకుని వీడియో పెట్టుకున్నాను. ఇది కబుకి ముక్క, ఇది బుతో ముక్క, ఇదిగో ఇక్కడ టాంగో (అర్జెంటీనా జంట నృత్యం) అని విడదీస్తూ చూడబోయాను. పది నిమిషాలకే ఆ లెక్క తప్పింది. టాంగో సంగీతం వస్తోంది, కాళ్లు టాంగో ఆడటం లేదు. ఆడవేషం ఉంది, ఆడనడక లేదు. ఈ మూడు పేర్లూ మూడు దినుసులైతే వాటిని ఒక గిన్నెలో కలిపారనుకోవచ్చు. కానీ ఇక్కడ ఆ మూడూ చేస్తున్న పనులు వేరు. ఒకటి ఆయన దేహానికి శిక్షణ ఇచ్చింది. ఒకటి ఆ శిక్షణను విరగ్గొట్టే ధైర్యమిచ్చింది. మూడోది, కబుకి, ఆయన దేహంలో దాదాపు లేనేలేదు. మరి ఎక్కడుంది? ఆ చిక్కు విప్పాలంటే ఈ నాట్యం ఎవరికి నీరాజనమో ముందు తెలియాలి.

1929లో ఓనోకు 22 ఏళ్లు. ఉత్తరాన హొక్కయిదో దీవిలోని హకొదాతెలో పుట్టి, టోక్యోలో వ్యాయామ కళాశాలలో చదువుకుంటున్నాడు. ఆ ఏడు ఇంపీరియల్ థియేటర్‌లో ఒక స్పానిష్ నర్తకి ప్రదర్శన ఇచ్చింది. ఓనో మూడో అంతస్తులో చవక సీటు నుంచి చూశాడు. అంత ఎత్తు నుంచి నర్తకి ముఖం కనపడదు. చేతులు, పావడా అంచు, వాటిని మించి చేతిలోని కాస్తనెట్ల (చెక్క చిడతల్లాంటివి) చప్పుడు, ఇంతే అందుతాయి. అదే ఆయనను నలభై ఎనిమిదేళ్లు వదల్లేదు.

ఆ నర్తకి ఆంతోనియా మెర్సే. రంగస్థలం పేరు లా అర్హెంతీనా, అంటే అర్జెంటీనా ఆవిడ. 1890లో బ్యూనస్ ఎయిరెస్‌లో స్పానిష్ తల్లిదండ్రులకు పుట్టింది. వాళ్లిద్దరూ నర్తకులే. తండ్రి దగ్గర బాలే నేర్చుకుని మాడ్రిడ్ రాజ రంగశాలలో బాలేరినాగా మొదలుపెట్టింది. తరవాత బాలే వదిలి స్పెయిన్ ప్రాంతాల జానపద నృత్యాలను, ఫ్లమెంకోను పట్టుకుంది. పల్లెల్లో, కాఫీ క్లబ్బుల్లో ఆడే వాటిని కచేరీ వేదికకు తగ్గట్టు దిద్ది, ఒంటరిగా ఆడుతూ దేశదేశాలు తిరిగింది. అంటే ఓనో చూసిన ‘పాశ్చాత్య నృత్యం’ కూడా అచ్చమైన సరుకు కాదు. అప్పటికే ఒక స్త్రీ తన ఒంట్లో కలిపి వడపోసుకున్న రసం అది.

చూసిన వేదికకూ ఒక కథ ఉంది. ఇంపీరియల్ థియేటర్ 1911లో కట్టిన పాశ్చాత్య పద్ధతి రంగశాల. అక్కడ బాలే నేర్పడానికి 1912లో జొవాన్ని విత్తోరియో రోసీ అనే ఇటాలియన్ మాస్టారు వచ్చాడు. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లలో బాకు ఇషీ ఒకడు. బాలే క్రమశిక్షణకు ఎదురు తిరిగి, జపాన్‌లో ఆధునిక నృత్యానికి దారి వేసిన వాడు ఇషీయే. 1933లో ఓనో చేరింది ఆ ఇషీ బడిలోనే. వ్యాయామ మాస్టారుగా బడిలో పిల్లలకు నృత్యం కూడా చెప్పాల్సి రావడం అందుకు ఒక కారణం. 1936 నుంచి తకాయా ఎగుచి, మిసాకో మియా దంపతుల దగ్గర నేర్చుకున్నాడు. వాళ్లిద్దరూ జర్మనీ వెళ్లి మేరీ విగ్‌మన్ దగ్గర చదువుకుని వచ్చినవాళ్లు. విగ్‌మన్ నృత్యంలో అందమైన భంగిమకు పెద్దపీట లేదు. లోపల ఉన్నది బయటికి తన్నుకురావాలి, సంగీతం లేకపోయినా ఆడాలి, నేల మీద పొర్లాలన్నా పొర్లాలి. 1934లో విగ్‌మన్ శిష్యుడు హరాల్డ్ క్రొయిట్స్‌బెర్గ్ జపాన్ వచ్చినప్పుడు ఓనో చూశాడు. ఒంటరి నర్తకుడు, వేషాలు మార్చుకుంటూ వేదికంతా నింపేవాడు. కొన్ని దశాబ్దాల తరవాత ఓనో చేయబోయే పనికి ఆ ప్రదర్శన కూడా ఒక విత్తనమే అనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో ముడి కూడా ఉంది. పడమటి నుంచి తూర్పుకు నృత్యం వచ్చిందని చెప్పుకుంటే సగం కథే చెప్పినట్టు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శన సమయంలో లోయీ ఫుల్లర్ అనే అమెరికన్ నర్తకి అక్కడ ఒక చిన్న రంగశాల పెట్టింది. అందులో జపాన్ నటి సదా యాక్కో బృందం కబుకి కథలను పడమటి వాళ్లకు అర్థమయ్యేలా కుదించి ఆడింది. స్వదేశంలో కబుకి వేదిక మీద ఆడవాళ్లకు చోటు లేదు, పారిస్‌లో మాత్రం ఒక స్త్రీయే కబుకి ముఖమైంది. ఆమె మరణ దృశ్యాలు చూసి కదిలిపోయిన వాళ్లలో ఇసడోరా డంకన్ ఉంది, రూత్ సెయింట్ డెనిస్ ఉంది. పాశ్చాత్య ఆధునిక నృత్యానికి తల్లులని చెప్పుకునేది వీళ్లనే. కాబట్టి ‘పాశ్చాత్యం’ జపాన్ రేవులో దిగేనాటికే దాని కంట్లో కబుకి నీడ పడి ఉంది. ఇచ్చిపుచ్చుకోవడం ఇంత ముందే మొదలయ్యాక ఏది ఎవరి సొత్తో గీత గీసి చెప్పడం కష్టం.

బుతో అనే మాట కథ వింటే ఆ గీత ఇంకా చెదిరిపోతుంది. బుతో అంటే జపాన్ ఆత్మలోంచి పుట్టిన ప్రాచీన నృత్యమని చాలామంది అనుకుంటారు. నిజానికి జపనీయులు ఆధునికమవుతున్న మెయిజీ కాలంలో ఆ మాటను వాడింది విదేశీ జంట నృత్యాలకు. 1883లో టోక్యోలో కట్టిన రొకుమెయ్‌కాన్ భవనంలో దొరలతో సమానంగా కోట్లు, గౌన్లు వేసుకుని వాల్ట్జ్ ఆడిన విందుల పేరు ‘బుతోకాయ్’. సాధారణంగా నృత్యానికి వాడుకలో స్థిరపడిన మాట ‘బుయో’. 1960ల మొదట్లో తత్సుమి హిజికాటా తన కొత్త నృత్యానికి పేరు పెట్టుకుంటూ ‘అంకోకు బుయో’ నుంచి ‘అంకోకు బుతో’కు మారాడు. అంకోకు అంటే చిమ్మచీకటి. బుతోలో రెండో అక్షరానికి అడుగు వేయడం, తొక్కడం అనే అర్థం ఉంది. పరదేశీ ఆటకు పెట్టిన పాత పేరును తీసి నేల తొక్కే చీకటి నృత్యానికి కట్టాడాయన.

హిజికాటా సంగతి చెప్పే ముందు యుద్ధం సంగతి చెప్పాలి. ఓనోను 1938లో సైన్యంలోకి పిలిచారు. చైనాలో, తరవాత న్యూగినీలో, దాదాపు తొమ్మిదేళ్లు. చివర యుద్ధఖైదీగా గడిపి, ఓడలో ఇంటికి బయల్దేరాడు. దారిలో చనిపోయిన తోటి సైనికులను సముద్రంలో వదిలేస్తూ వచ్చారు. నీళ్ల మీద తేలే జెల్లీఫిష్‌లు ఆయన మనసులో నిలిచిపోయాయి. తరవాత జెల్లీఫిష్ నాట్యమే చేశాడు. 1949లో, 43వ ఏట పడుతూ, టోక్యోలో మొదటి సొంత ప్రదర్శన ఇచ్చాడు. ఇతరులు ఆట మానే వయసులో మొదలుపెట్టిన మనిషి. ఆయన నాట్యంలో చచ్చిపోయినవాళ్లు ఎందుకు అంత మామూలుగా వచ్చి పోతుంటారో అర్థం కావాలంటే ఈ ఓడ ప్రయాణం గుర్తుంచుకోవాలి. బుతో అంటే హిరోషిమా బాంబుకు బదులుగా పుట్టిన నృత్యమని తరచూ రాస్తుంటారు. అంత సూటి గీత గీయడం నాకు నచ్చదు. ఓనో వరకు చూస్తే, పేర్లు తెలిసిన మనుషుల శవాలు ఒక్కొక్కటిగా నీళ్లలోకి జారడమే యుద్ధం.

ఆ తొలి రోజుల్లోనే ఓనోను చూసి అదిరిపోయిన వాళ్లలో హిజికాటా ఉన్నాడు. 1928లో అకితా ప్రాంతంలో పుట్టిన కుర్రాడు. అకితా ఈశాన్య జపాన్‌లో తొహొకు సీమలోది. మంచు, వరిపొలాలు, పేదరికం. పాశ్చాత్య నృత్యం నేర్చుకుందామని టోక్యో వచ్చిన హిజికాటా, బాలేకు కావలసిన పొడుగు కాళ్లు, నిటారు వెన్ను తనవాళ్ల దేహాల్లో లేవని గ్రహించాడు. లేకపోవడం లోపమెందుకవ్వాలి? చలికి ముడుచుకున్న వీపు, పొలం పనికి వంగిన నడుము, దొడ్డికాళ్లు, ఇవే తన నృత్యానికి మూలమనుకున్నాడు. 1959లో ఆయన చేసిన ‘కింజికి’ అనే చిన్న నాట్యంలో హిజికాటాతో కలిసి ఆడింది కజువో కొడుకు యొషితో ఓనో. ఒక బతికున్న కోడి, ఇద్దరు మగవాళ్లు, దాదాపు చీకటి. చూసిన నృత్య పెద్దలకు అది మింగుడుపడలేదు. బుతో పుట్టుకకు చరిత్రకారులు పెట్టే తేదీ అదే.

హిజికాటాకు, ఓనోకు గుణాల్లో పోలికే లేదు. హిజికాటా ప్రతి కదలికనూ మాటలతో, బొమ్మలతో కట్టేసేవాడు. బుతో-ఫు అని వాటికి పేరు. వేలి కొన మీద ఏ పురుగు పాకుతోందో కూడా చెప్పేవాడు. ఓనో క్రైస్తవుడు, ముప్పయ్యేళ్లలోపే బాప్తిస్మం తీసుకున్నాడు. ముందే కట్టిన కదలికను నమ్మడు. లోపల ప్రాణం కదిలితే దేహం దాని వెంట పోతుందంటాడు. ఒకరు చీకటి, ఒకరు వెలుగు అని రాసేవాళ్లున్నారు. అది మరీ తేలిక మాట. 1960లో హిజికాటా తన ప్రదర్శనలో ఓనో చేత ఒక వేషం కట్టించాడు. ఫ్రెంచి రచయిత జాఁ జెనే నవలలోని దివీన్. ఆడవేషంలో బతికే ముసలి మగ వేశ్య. బడిలో వ్యాయామం చెప్పే భక్తుడైన మాస్టారి చేత వీధిలో ఒళ్లమ్ముకునే ముసలివాడి వేషం కట్టించడం అంటే, ఆయనలో ఎవరికీ కనపడని ఒక గది తలుపు తట్టడమే.

తరవాత చాలాకాలం, దాదాపు పదేళ్లు, ఓనో వేదికకు దూరంగా ఉన్నాడు. ఆ మధ్యలో చియాకి నగానో తీసిన మూడు ప్రయోగాత్మక సినిమాల్లో మాత్రం కనిపించాడు. 1976లో టోక్యోలో ఒక చిత్రప్రదర్శనకు వెళ్లాడు. నత్సుయుకి నకనిషి వేసిన నైరూప్య చిత్రం, రేకు మీద వంపులు తిరిగిన గీతలు. ఆ గీతల్లో ఓనోకు లా అర్హెంతీనా కనిపించింది. ఆమె 1936లో పోయింది. స్పెయిన్‌లో అంతర్యుద్ధం రాజుకున్న రోజు, జులై 18న. నలభై ఏళ్ల కిందట చనిపోయిన మనిషి రేకు మీది గీతల్లోంచి రా, ఆడు అని పిలిచింది. ఏడాది తిరిగేసరికి నాట్యం సిద్ధమైంది. దర్శకత్వం హిజికాటా.

ఇప్పుడు మళ్లీ ఆ హాల్లోకి వెళ్దాం. ప్రేక్షకుల మధ్యలోంచి లేచిన ఆ ముసలామె దివీన్. పదిహేడేళ్ల కిందటి వేషం తిరిగి వచ్చింది, ఈసారి నిజంగానే ముసలిదై. దివీన్ వేదిక మీదికొచ్చి చచ్చిపోతుంది. ఆ చావులోంచి ఒక చిన్నపిల్ల పుడుతుంది. మళ్లీ కాసేపటికి వేషాలన్నీ ఊడిపోతాయి. ‘నిత్యాహారం’ అనే భాగంలో నల్లని పొట్టి లాగు మినహా ఒంటి మీద ఏమీ ఉండదు. ఎముకలు తేలిన ఛాతీ, వదులైన చర్మం, ఒకప్పటి వ్యాయామం గుర్తుగా మిగిలిన నిటారు భుజాలు. ఆడవేషం కట్టిన మగవాణ్ణి ఇప్పటిదాకా చూశారు కదా, ఇదిగో ఆ మగవాడు అని చూపించినట్టు ఉంటుంది. ‘భూమ్యాకాశాల పెళ్లి’లో పెద్ద పియానోకు వీపు ఆనించి, ముఖం పైకెత్తి, నోరు తెరిచి నిలబడిపోతాడు. పియానో మోగుతూనే ఉంటుంది, ఆయన కదలడు. కదలకపోవడమే నాట్యం. శిలువ గుర్తుకొస్తుంది గానీ ఆయన శిలువ అభినయించడు.

రెండో సగం లా అర్హెంతీనాది. గౌన్లు, పూలు, టాంగో సంగీతం. ఆమె అడుగులను ఓనో అనుకరించడు. మూడో అంతస్తు నుంచి చూసిన కుర్రాడికి అడుగులు ఎలాగూ గుర్తుండవు. గుర్తున్నది ఆమె పుట్టించిన ఉప్పెన. చూడాల్సింది ఆయన చేతుల్ని. ఆ చేతులు పెద్దవి, వేళ్లు పొడుగు, కణుపులు లావు. కుడిచేయి ముందుగా పైకి లేస్తుంది. మణికట్టు దగ్గర ఆగుతుంది, వేళ్లు ఒక్కటొక్కటిగా విప్పుకుంటాయి, చిటికెనవేలు అన్నిటికన్నా ఆలస్యంగా. విచ్చుకున్నాక అరచేయి అందుకోవడానికి వచ్చినట్టుగా గాల్లో ఉండిపోతుంది. చూపు మాత్రం చేతి వెంట పోదు. కళ్లు మూసుకున్నట్టే ఉండి, చేయి తానే ఎవరినో కనుక్కున్నాక అప్పుడు తెరుచుకుంటాయి. నందికేశ్వరుడి అభినయదర్పణం చెప్పినట్టు మన నాట్యంలో చేయి ఎటు పోతే చూపు అటు పోవాలి, చూపు పోయినచోటికి మనసు పోవాలి. ఇక్కడ చేయి ముందు వెళ్లి వెతికి, దొరికింది రమ్మంటే చూపు వెళుతుంది. ఆ తడబాటు క్షణం కోసమే ఈ నాట్యాన్ని మళ్లీ మళ్లీ చూస్తాను.

సరే, కబుకి ఎక్కడ?

ఓనో కబుకి నేర్చుకోలేదు. కబుకి నటుల ఇళ్లల్లో పుట్టి, మూడేళ్లకో నాలుగేళ్లకో వేదిక ఎక్కే పిల్లల శిక్షణ ఆయనకు లేదు. అయినా చూసినవాళ్లకు వెంటనే కబుకి తోస్తుంది, మూడు కారణాల వల్ల: తెల్లరంగు, ప్రేక్షకుల మధ్య నుంచి రావడం, మగవాడి ఆడవేషం. మొదటి రెండూ నిలబడవని నా అభిప్రాయం.

కబుకిలో తెల్లరంగు ముఖాన్ని మాయం చేసే పునాది. దాని మీద కనుబొమలు, పెదవి కొత్తగా గీసుకుంటారు. కొవ్వొత్తుల వెలుగులో దూరానికి కనపడాలి, చర్మం నున్నగా ఉండాలి. ఓనో ముఖం మీది తెలుపు పక్కా దానికి తిరగబడ్డ పని చేస్తుంది. ఒక ఛాయాచిత్రంలో దగ్గరగా చూడండి: నోరు తెరిచినప్పుడు బుగ్గల మీది మడతల్లో రంగు బీటలు వారుతుంది, పొడిబారిన చెరువు మట్టిలాగా. రంగు వేయకపోతే అన్ని ముడతలు కనిపించేవి కావు.

ప్రేక్షకుల మధ్య నుంచి రావడం కూడా అంతే. కబుకి రంగశాలలో ప్రేక్షకుల మధ్యగా ఎత్తయిన నడవ ఒకటి వేదిక దాకా ఉంటుంది. హనమిచి, అంటే పూలదారి. నాయకుడు దాని మీద వచ్చి ఒకచోట ఆగి, కళ్లు ఉరిమి, భంగిమ బిగిస్తే జనం అతని ఇంటి పేరుతో కేకలు వేస్తారు. హనమిచి మీద నడిచేవాడు మనకన్నా ఎత్తున ఉంటాడు. దివీన్ మన పక్క కుర్చీలోంచి లేచింది. మనతో టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన మనిషి లాగా.

మిగిలింది ఆడవేషం. అసలు ముడి ఇదే. కబుకి మొదలైందే తారుమారు వేషాలతో. 1603 ప్రాంతంలో క్యోటో నది ఒడ్డున ఒకుని అనే స్త్రీ మగవేషం కట్టి, కత్తి దోపుకుని ఆడిన ఆట దానికి మూలమని చెబుతారు. కబుకి అనే మాటే ‘కబుకు’ అనే క్రియ నుంచి వచ్చింది, ఒక పక్కకు ఒరిగిపోవడం, తిన్నగా లేకపోవడం అని. 1629లో ప్రభుత్వం ఆడవాళ్లను వేదిక దింపేసింది. కుర్రవాళ్లు ఆడవేషాలు కడితే 1652లో వాళ్లనూ ఆపించింది. ఇక ఎదిగిన మగవాళ్లు అందంతో కాక నేర్పుతో స్త్రీని సృష్టించాల్సి వచ్చింది. అలా పుట్టింది ఒన్నగాత కళ. మోకాళ్ల మధ్య కాగితం పెట్టుకుని జారకుండా నడవడం సాధన చేస్తారు. కాలివేళ్లు లోపలికి తిప్పుకోవాలి. రెక్క ఎముకల్ని వెనక్కి, కిందికి లాక్కుంటే భుజాలు వాలి సన్నగా కనపడతాయి. పదిహేడో శతాబ్దం చివర, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో వెలిగిన మొదటి యొషిజావా అయమే, ఒన్నగాత తెర వెనక కూడా ఆడదానిలాగే మెలగాలన్నాడు. ఆరో నకమురా ఉతయెమోన్ ఇరవయ్యో శతాబ్దంలో ముసలితనం మీదపడ్డాక కూడా పడుచు రాకుమార్తెల వేషాలు కట్టి మెప్పించాడు.

ఈ నేర్పుల్లో ఒక్కటీ ఓనో దగ్గర లేదు. భుజాలు దించడు. మోకాళ్లు దగ్గర పెట్టడు. గౌను కింది నుంచి వ్యాయామ మాస్టారి పిక్కలు కనిపిస్తాయి. ఒన్నగాత మగవాణ్ణి పూర్తిగా దాచి స్త్రీని నిలబెడతాడు, అతుకు కనపడకూడదు. ఓనో అతుకును చూపిస్తాడు. ముసలి మగదేహం, చనిపోయిన స్త్రీ మీది ప్రేమ, రెండూ ఒకే గౌనులో, ఒకదాన్నొకటి కప్పేయకుండా.

మనకు దీన్ని అందుకోవడం అంత కష్టం కాదు. కూచిపూడి భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా ముందు సత్యభామ జడ వచ్చి పడుతుంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ తెర వెనక నిలబడితే, తెర తీసేలోపే జనానికి భామ వచ్చేసింది. తెర తీశాక శర్మగారిని వెతికిన వాళ్లు లేరు. ఊళ్లో పగలు పంచె కట్టుకుని కనపడిన మనిషేనని అందరికీ తెలుసు, ఆ తెలియడం రసానికి అడ్డం రాలేదు. కొన్ని వందల ఏళ్లు మన కంటికి అలవాటైన ఒప్పందం అది. జపాన్ కంటికీ సరిగ్గా అలాంటి అలవాటే ఉంది. నా దృష్టిలో ఓనో నాట్యంలో కబుకి ఉన్నది అక్కడే, చూసేవాళ్ల కంట్లో. ముసలి మగవాడు పడుచుపిల్లగా వస్తే టోక్యో ప్రేక్షకుడు ఉలిక్కిపడడు, నవ్వడు. మూడున్నర శతాబ్దాల ఒన్నగాతలు ఆ చూపును సిద్ధం చేసిపెట్టారు. ఆ సిద్ధమైన చూపు ముందుకొచ్చి ఓనో ఒప్పందాన్ని సగంలో విప్పేశాడు. దివీన్‌గా వచ్చి, చచ్చి, గౌను విప్పి, నల్ల లాగుతో నిలబడ్డాడు. కబుకిలోనూ వేదిక మీదే వేషం మారడం ఉంది. దారాలు లాగితే కిమోనో రెప్పపాటులో ఊడి, కింద ఇంకో మెరిసే కిమోనో కనపడుతుంది. అక్కడ వేషం కింద వేషం. ఇక్కడ వేషం కింద మనిషి.

ఈ చూపు అలవాటు లేని చోట నాట్యం ఇంకోలా పని చేసి ఉండాలి. 1980లో ఫ్రాన్స్‌లోని నాన్సీ అంతర్జాతీయ నాటకోత్సవానికి ఓనో దీన్ని తీసుకెళ్లాడు. 73 ఏళ్ల వయసులో మొదటి విదేశీ ప్రదర్శన. ఐరోపా ఆయనను నెత్తిన పెట్టుకుంది, అక్కడి నుంచి ప్రపంచమంతా తిరిగాడు. వాళ్లకు టాంగో తెలుసు, జెనే తెలుసు, శిలువ తెలుసు. తెలియనిది ఆ దేహం. తెలియనిదానికి దగ్గర్లో దొరికే జపాన్ పేరు కబుకి. మేళవింపు అనే మాట ఎక్కువగా ఇలా దూరం నుంచి చూసినప్పుడే పుడుతుందనుకుంటాను.

కబుకి ఇంకోచోట కూడా ఉంది. అది ఓనో పోయాక బయటపడింది. కబుకి బతికేది ‘కతా’ల మీద. కతా అంటే తండ్రి నుంచి కొడుక్కి, గురువు నుంచి శిష్యుడికి మార్పు లేకుండా అందే కట్టుబాటు రూపం. పేర్లూ అలాగే అందుతాయి. ఇచికావా దంజూరో అనే పేరు 2022లో పదమూడో మనిషికి వచ్చింది. ఓనో దీనికి పూర్తిగా ఎదురు. యోకొహామాలో కొండ మీది తన ఇంటి పక్క స్టూడియోకు దేశదేశాల నుంచి వచ్చిన శిష్యులకు ఆయన అడుగులు నేర్పలేదు. గంటల తరబడి మాట్లాడేవాడు, తల్లి గర్భం గురించి, పువ్వు గురించి, చనిపోయినవాళ్ల గురించి. ఆపైన ఆడండి అనేవాడు. తన కదలికలు ఎవరైనా దింపుకుంటే సంతోషించే మనిషి కాదు. 2000 తరవాత సొంతంగా నిలబడలేకపోయాక కుర్చీలో కూర్చుని ఆడాడు, అదీ కుదరనప్పుడు చేతులతో మాత్రమే. 2010 జూన్ 1న, 103వ ఏట కన్నుమూశాడు. కతా లేని నాట్యం మనిషితో పోవాలి కదా.

2013లో తకావో కవగుచి అనే నర్తకుడు ‘కజువో ఓనో గురించి’ అనే ప్రదర్శన మొదలుపెట్టాడు. ఆయన ఓనోను వేదిక మీద ఎన్నడూ చూడలేదు, బుతో నేర్చుకోనూ లేదు. పాత వీడియోలు పెట్టుకుని 1977 నాటి నాట్యాన్ని, 1981 నాటి ‘మా అమ్మ’నూ ఇంకొన్నింటినీ ఉన్నదున్నట్టు దింపుకున్నాడు. మెడ ఎంత వంగిందో అంత వంచాడు. చేయి ఎక్కడ వణికిందో అక్కడ వణికించాడు. ఓనో అప్పటికప్పుడు లోపల ఏదో కదిలి చేసినది, ముసలితనం వల్ల తూలినది, రెంటినీ విడదీయకుండా రెండూ నేర్చుకున్నాడు. ఇది ఓనో చెప్పినదానికి ద్రోహమనే వాళ్లున్నారు. నాకలా అనిపించదు. కతా వద్దన్న మనిషి నాట్యం, కెమెరా పుణ్యమా అని, కతాగా మారింది. గురువు లేని శిష్యుడు, రూపాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుకుని, ఆ రూపం లోపల ఏముందో కనుక్కోబోయాడు. కబుకి ఇళ్లలో పిల్లలు నాలుగు వందల ఏళ్లుగా చేస్తున్న పని అదే.

కొడుకు యొషితో దారి వేరు. తండ్రి వేషాలు ఆయన కట్టలేదు, తండ్రి పేరూ తీసుకోలేదు. 2020 జనవరిలో పోయేదాకా తన ప్రదర్శనల్లో, వర్క్‌షాపుల్లో ఒక చిన్న బొమ్మను వెంట తెచ్చుకునేవాడు. వేళ్లకు తొడుక్కునే తోలుబొమ్మంత బొమ్మ, తండ్రి రూపం. గుండు చేసుకున్న తల, ముఖాన తెల్లరంగుతో తాను దాదాపు కదలకుండా నిలబడి, చేయి మాత్రం పైకెత్తేవాడు. ఆ చేతి కొసన కజువో ఓనో రెండు చేతులూ చాచి ఆడేవాడు, కొడుకు వేళ్లు ఎటు వంగితే అటు.